టాంజానియా బురదలో మన సావుకారు

నర్సన్నా,

మిల్లులో బస్తాల కింద పడి నువ్వు పోయి నేటికి ఏడాది. పత్తి బేరానికని కెన్యా, టాంజానియా తిరిగి మన మిల్లు సావుకారు నిన్ననే రాయచూరు చేరాడు.

"కెన్యాల రోడ్లు అద్దం లెక్క ఉన్నయిరా. నువ్వు మురిసే టాంజానియాల సబ్బు గూడ దొరకది" అన్నాడు.

"కెన్యా తేయాకు తోటలు ఇంకా తెల్లదొరలవేనా సావుకారూ?" అని అడిగాను.

"ఎవరివైతే నీకేంది? చాయ్ మంచిగుండె. టాంజానియాల బస్సు దిగబడితే నన్ను గూడ దింపి నూకించిన్రు, హమాలీ లెక్క."

ఆ రోజు నీకు ఊపిరాడకపోతుంటే, "ఎవరన్న చూడుండ్రి" అని కేకేశాడే గాని గద్దె దిగలేదు ఈ మనిషి. టాంజానియాలో సోషలిజం వచ్చింది, అందరూ సమానమే అని నేను నీకు చదివి వినిపించిన కరపత్రాల్లోని స్వర్గం అక్కడ లేకపోవచ్చు. కానీ ఆ దేశం వీణ్ణి బురదలోకి దింపింది. నీకు చెప్పాలని ఆ బస్సు నూకిన మాట రెండోసారి కూడా చెప్పించుకున్నాను.