టార్పాలిన్ కింద మూడు రోజులు

నవంబరు చివరి మంగళవారం, గరిడేపల్లి

తుపాను రాలేదు. నాలుగు చినుకులు రాల్చి పోయింది. మూడు రోజులు కుండపోత అని టీవీలో చెప్పారని, కల్లంలో ఆరబోసిన పచ్చి వడ్లను కుప్ప పోయించి టార్పాలిన్ కప్పించింది నేనే. "ఎండ కొడుతున్నది, జర తీద్దమే," అని మా ఆయన రెండుసార్లు అడిగాడు. "పోయినేడు కప్పకనే తడిసినయ్ గదా," అని నోరు మూయించాను.

పొద్దున టార్పాలిన్ లాగితే ఆవిరి ముఖానికి కొట్టింది. కుప్పలో చెయ్యి పెట్టలేకపోయాను, అంత వేడి. అడుగున మొలకలు. అయినా ట్రాక్టర్‌లో మిర్యాలగూడ తీసుకెళ్లాం. మిల్లు గుమస్తా పిడికెడు తీసి వాసన చూశాడు. "ముక్కినయ్ అక్కా, వాపస్ తీస్కపోండ్రి," అన్నాడు.

వాన తడిపి ఉంటే నష్టం రాసుకోవడానికి ఎవరైనా వచ్చేవాళ్లు. పడని వానకు ఎవరొస్తారు?

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా మా ఆయన వెనక్కి తిరిగి ఆ వడ్లనే చూస్తూ వచ్చాడు. నన్ను తిట్టినా బాగుండేది.

ఆ వడ్లనే వాకిట్లో ఆరబోశాం. ఇప్పుడు మళ్లీ మబ్బు పట్టింది. "కప్పుదమా?" అని బయటి నుంచి అడుగుతున్నాడు. రెండోసారి అడిగాడు. వినపడనట్టు ఇది రాస్తూ కూర్చున్నాను...