కోర్టులో విప్పిన ఇప్పపువ్వు మూట

బావా,

నువ్వు పోయి ఏడాదైంది. మళ్లీ ఇప్పపువ్వు రాలుతోంది. పోయినేడు ఈ పువ్వే గంపకెత్తుకుని చర్ల సంతకు నడుస్తుంటే, తాగినవాడి జీపు మనిద్దరినీ గుద్దింది. నువ్వు అక్కడే పోయావు. నా కాలు విరిగి వంకరగా అతుక్కుంది. పోలీసుల కాగితాల్లో మాత్రం నీ చొక్కా సారా వాసన వస్తోందని రాశారు.

ఈరోజు కోర్టులో జీపు వైపు వకీలు అదే చదివాడు. "తాగి తూలుకుంట జీపుకు అడ్డమొచ్చిండు" అన్నాడు. ఫీజు లేకుండా మన కేసు వాదిస్తున్న లాయరమ్మ నన్ను పిలిచింది. కర్ర పట్టుకుని వెళ్లి, కొంగున కట్టిన మూట విప్పి జడ్జి ముందు పెట్టాను.

"వాసన చూడుండ్రి సారూ. గిది ఇప్పపువ్వు. దీంతోనే సారా కాస్తరు, వాసన గట్లనే ఉంటది. గుద్దినప్పుడు గంప ఆయన మీదనే బోర్లపడ్డది. చచ్చినోని చొక్కా వాసన రాసిన్రు. జీపు తోలినోని నోటి వాసన ఎందుకు రాయలే?"

జడ్జి వాసన చూసి, నా మాటంతా రాయించాడు.

బయట ఆ వకీలు నన్ను ఆపాడు. "గా కాలుతోని ఎన్ని వాయిదాలు తిరుగుతవమ్మా? రాజీ పడు."

"ఇప్పచెట్టు పూసినన్ని ఏండ్లు తిరుగుత" అన్నాను.

పొద్దున్నే పువ్వు ఏరడానికి పోవాలి, బావా. నీ గంప నేనే ఎత్తుకుంటున్నాను.