బాగైపోయిన కాలు

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఆళ్లగడ్డలో మన ఇంట్లో నేనొక్కదాన్నే ఉండా. నువ్వు చేయించుకో చేయించుకో అని పోరిన ఆపరేషన్ చేయించుకున్నా. మద్రాసులో నా అరిగిపోయిన తుంటికీలు తీసేసి కొత్తది పెట్టినారు.

ఇంటికొచ్చినాక కాలు కట్టె మాదిరి బిగుసుకుపోయింది. అందుకని వారం వారం బస్సెక్కి నంద్యాలకు పోతాండా. ఆడ ఫిజియోథెరపీ చేసే సుజాతమ్మ ఉంది. కుట్ల మచ్చ చుట్టూ వేళ్లతో మెల్లగా ఒత్తి, తొడ కింద చెయ్యి పెట్టి, కాలు కొంచెం కొంచెంగా పక్కకు జరిపిస్తుంది. మొదట్లో నొప్పికి అరిచేదాన్ని. రాన్రానూ పోవాల్సిన రోజు తెల్లారక ముందే లేచి తలదువ్వుకుని కూర్చునేదాన్ని. నువ్వు పోయినాక నా ఒంటి మీద అంత నిదానంగా చెయ్యి వేసింది ఆమె ఒక్కతే.

ఈ రోజు కర్ర లేకుండా ఆ గదంతా నడిచినా. సుజాతమ్మ మురిసిపోయింది.

"బాగైపోయింది. ఇంక మీరు రానక్కర్లేదమ్మా" అనింది.

నాకు సంతోషం కాలేదక్కా. "ఇంగా పట్టేస్తాంది" అన్నా.

"యాడమ్మా?"

చెయ్యి యాడ పెట్టి చూపియ్యాల్నో తెలియలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. ఆమె నన్ను మంచమ్మీద పండుకోబెట్టి, నొప్పే లేని ఆ కాలును చానా సేపు ఒత్తింది.

"వచ్చే వారం గూడా రండి" అనింది.

వస్తానని చెప్పి బస్సెక్కినా.

నీ చెల్లెలు