పేరు రాయని చీటీ

బావా,

నువ్వు వెళ్లి నేటికి ఏడాది. మన మాండలిక నిఘంటువు ప్రూఫులు నిన్న విజయనగరం ప్రెస్సు నుంచి వచ్చాయి. వాటిని, ఊరూరా తిరిగి మాటకొకటిగా మనం రాసుకున్న చీటీలతో సరిచూస్తూ ‘మా’ దగ్గర ఆగిపోయాను.

తెలుగు ‘మా’ మన ‘మేము’ నుంచి పుట్టింది. సరిహద్దు పల్లెల్లో వినిపించే ఒడియా ‘మా’ అంటే అమ్మ. దాని మూలం సంస్కృతం. రెంటికీ పోలికే తప్ప చుట్టరికం లేదు కనుక వేర్వేరు చీటీలు రాసుకున్నాం. మొదటి దానిలో భావనపాడు మత్స్యకారుడి మాట, అతని పేరుతో సహా ఉంది. రెండోది నీ చేతిరాత: ‘మా, భాత దే’. అమ్మా, అన్నం పెట్టు అని. చెప్పినవారి పేరు రాయాల్సిన గడి మాత్రం ఖాళీ.

పేరు లేని చీటీ పుస్తకంలోకి ఎక్కకూడదన్న నియమం నీదే. ఆమదాలవలస స్టేషన్లో నా చీటీ ఒకటి చించేసి, “ఒరే, పేరు నేని మాట ఎవుడిదిరా? నీ బుర్రలోంచి తీసినావని అంతారు” అన్నావు.

దీన్ని తీసెయ్యడానికి చేయి రాక అక్కకు ఫోన్ చేసి చదివి వినిపించాను.

“మీ బావదేరా అది. సిన్నప్పుడు ఆళ్లమ్మనడిగిన మాట. ఆకరి రోజుల్లో నన్ను సూసి అదే అనీవోడు. నాను గంజి పట్టీదాన్ని” అంది.

మీ అమ్మగారిది ఒడియా ఇల్లని తెలిసీ నాకు తట్టలేదు. ఊరూరా అందరి పేర్లూ అడిగి రాసుకున్నవాడివి, నీ పేరు రాసుకోవడానికి మొహమాటపడ్డావు.

నీ నియమం తప్పలేదు బావా. ఈ ఉదయం ఆ గడిలో నీ పేరూ, ఊరూ రాసి, ప్రూఫులోనూ చేర్చి ప్రెస్సుకు పంపాను.

నీ బావమరిది