పేరు, గోత్రం

2012 జూన్ 11
నారాయణగూడ నర్సింగ్ హోమ్‌లో రెండో రోజు. మా వారి కాలి పుండుకి డ్రెస్సింగ్ చేశారు. షుగర్ ఇంకా దిగలేదు. నాలుగో నంబరు మంచం ఇచ్చారు, పడుకుంటే తల ఉత్తరానికి వస్తుంది. నాకు నిద్ర పట్టలేదు.

జూన్ 12, సాయంత్రం
ఎదురు వరసలో ఏడో నంబరు కురుమయ్యది. పాలమూరు మనిషి. అశోక్‌నగర్‌లో బిల్డింగ్ పని చేస్తూ పైనుంచి పడి కాలు విరిగింది. రేపు ఆపరేషన్. అతని భార్య బాలనాగమ్మతో నా బాధ చెప్పుకున్నాను. మాకు దిక్కుల పట్టింపు లేదక్కా, మార్చుకుందాం అంది. మంచాలకు చక్రాలున్నాయి, నంబర్లేమో గోడ మీద. ఆయా సాయం పట్టింది, మా మంచం ఏడుకి, వాళ్ళది నాలుగుకి జరిపాం. సిస్టర్లకు చెప్పాలని తోచలేదు.

జూన్ 13
ఉదయం ఏడింటికి సరిత సిస్టర్ సూదితో వచ్చింది. నేను సహస్రనామం చదువుకుంటున్నాను. గోడ మీది నాలుగు చూసి నేరుగా కురుమయ్య దగ్గరికి వెళ్ళింది. అది మా వారి ఇన్సులిన్ కదా అనిపించింది. వాళ్ళకు తెలియదా, మధ్యలో మాట్లాడితే బాగుండదు అనుకున్నాను. చదువుతూనే ఉన్నాను.

కాసేపటికి కురుమయ్యకి చెమటలు, వణుకు. ఆపరేషన్ అని రాత్రి నుంచి ఏమీ తినలేదు. మా వారికి షుగర్ పడిపోతే ఇలాగే అవుతుంది. అప్పుడు అరిచాను. ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. గ్లూకోజ్ ఎక్కించారు. తేరుకుని చాయ్ అడిగాడు. ఆపరేషన్ వాయిదా వేశారు.

జూన్ 13, మధ్యాహ్నం
సరితను పనిలోంచి తీసేస్తారట. మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. మంచాలు మార్చింది నేనని చెబుతానంటే మా వారు వద్దన్నారు. ఇంకా కొన్నాళ్ళు ఇక్కడే ఉండాలి, వాళ్ళతో మాట పడటం ఎందుకన్నారు.

జూన్ 14
స్నానానికి చిక్కడపల్లి ఇంటికి వెళ్ళాను. దీపం వెలిగించాను, దండం పెట్టుకోలేకపోయాను. తిరిగొచ్చి ముందు బాలనాగమ్మకే చెప్పాను, సూది చూసీ ఊరుకున్నానని. ఆమె కురుమయ్య దుప్పటి సర్ది లేచింది.

"నువ్వు బాధ చెప్పుకున్నవ్, నేను మార్చుదమన్న. సిస్టరమ్మ పేరు అడగలే. ఆ పిల్ల ఒక్కతే ఎందుకు పోవాలె? పా అక్కా, చెప్దాం."

నర్సింగ్ హోమ్ నడిపే డాక్టర్ దమయంతి గారి గదిలో నిలబడి అంతా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. మళ్ళీ ఇలా కాకుండా ఏం చేయాలో మీరే చెప్పండి అన్నారు. నన్ను ఇంతవరకు ఎవరూ అలా అడగలేదు.

గుడి గుర్తొచ్చింది. "మా పంతులు గారికి మేము ఇరవై ఏళ్ళుగా తెలుసండీ. అయినా అర్చన ముందు ప్రతిసారీ పేరు, గోత్రం అడుగుతారు. మా నోటితోనే చెప్పాలి."

డాక్టర్ గారు పెన్ను తీశారు.

జూన్ 15
కురుమయ్య ఆపరేషన్ బాగా జరిగింది.

జూన్ 16
సరిత పనిలోనే ఉంది. సూదైనా మాత్రైనా ముందు పేరు అడుగుతుంది. ఏం మందో మేమూ అడగాలట. రోజుకి ఎన్నిసార్లు చెప్పాలని మా వారు విసుక్కున్నారు. కురుమయ్యకి మాత్రం సరదా.

"కురుమయ్య, తండ్రి ఈదయ్య. షుగర్ గిగర్ లేదు. నిన్న కాలుకు రాడ్ ఏసిన్రు. ఇగ పొడువు సిస్టరమ్మా."

వార్డంతా నవ్వింది. మా వారు కూడా.

2013 నవంబర్ 20
ఈసారి మంచం మీద నేను. సరితే వచ్చి పేరు అడిగింది. విజయశ్రీ, భారద్వాజ గోత్రం అన్నాను. తను నవ్వలేదు. సూది పట్టుకుని, నేను అడగాల్సింది ఇంకా ఉందన్నట్టు అలాగే నిలబడింది.

ఏం మందమ్మా అని అడిగాను.