బంగారి ఉష్ణోగ్రత

మదనపల్లె, గురువారం రాత్రి.

నేటి ఉదయం పుంగనూరు నుండి బావమరిది మునెప్ప ఫోన్‌లో విషాద సమాచారం అందజేశాడు. "బావా, మన బంగారి ఒళ్లు సల్లబడిపోయిండాది. ఎప్పుడూ నూటొకటి ఉండేది, ఈ పొద్దు ముప్పై ఎనిమిదిన్నరే సూపిస్తాండాది." బంగారి అతని పొట్టి ఆవు, నిండుచూలు. సహాయక చర్యలు అప్పటికే ప్రారంభమయ్యాయి: ఆవుపై మూడు కంబళ్లు, పక్కన రెండు నిప్పుల కుంపట్లు.

విచారణలో తేలినదేమనగా, పాత థర్మామీటరు ఫారన్‌హీట్‌ది. నిన్న కుప్పంలో కొన్నది సెల్సియస్‌ది. తొమ్మిదితో హెచ్చించి, ఐదుతో భాగించి, ముప్పై రెండు కలిపాను. నూటొకటి పాయింట్ మూడు. ఇరవై ఏళ్లుగా బడిలో ఈ లెక్క చెబుతున్నాను గాని, మూడుసార్లు సరిచూసుకోవడం ఇదే మొదలు. రెండు ప్రాణాలు దానిపై ఆధారపడి ఉన్నాయి.

"ఆవు బాగుండాదప్పా" అని ప్రకటించాను.

"మరి యాల రొప్పుతాండాది?"

"మూడు కంబళ్లు కప్పుకొని కుంపట్ల నడుమ నువ్వు కూర్చో, తెలస్తాది. ముందు అవి తియ్యి!"

తీశాడు. అయినా కడుపులోని దూడకు ఆ వేడి తగిలిందేమోనన్న చింత పగలంతా నన్ను వదలలేదు. ఎనిమిదో తరగతికి ఒకే పాఠం రెండుసార్లు చెప్పాను.

సాయంత్రం మళ్లీ ఫోన్. "పెయ్యదూడ బావా! ముప్పై తొమ్మిది..."

నేను కలం అందుకున్నాను.

"లెక్కలు ఇడ్సిపెట్టు బావా. అప్పుడే లేసి నిలబడి పాలు తాగతాండాది."

తొమ్మిదితో హెచ్చించడం వరకు వచ్చిన లెక్కను సంతోషపూర్వకంగా అక్కడే నిలిపివేయడమైనది.