మా మౌనం మందు వద్దనడం కాదు

క్యాన్సర్ ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్యకు ఆపివేసిన మందును తిరిగి ఎక్కించుట గురించియు, డాక్టరు గారి ఎదుట మేము ముగ్గురం నోరు తెరవకపోవుట గురించియు.

రాత్రి వాన పడి తెల్లవారేసరికి తెరిపి ఇచ్చింది. పచ్చి ఇటుకల మీద కప్పిన పట్టాల్లో నిలిచిన నీళ్ళు వంచి, బట్టీలోకి కట్టెలు ఎగదోసి, చేతులు కడుక్కుని ఈ అర్జీ రాస్తున్నాను. కాగితానికి మసి అంటితే మన్నించగలరు.

1. మాది ఇటుకలు కాల్చే కుటుంబం. మా నాన్న పెట్టిన కట్టడి ఒకటుంది. బట్టీలో నిప్పున్నంత కాలం ఇటుక ఎలా వస్తుందో ఎవరూ అనకూడదు. బాగా వస్తుందనీ అనకూడదు, పాడవుతుందనీ అనకూడదు. ఎవరైనా అడిగినా బదులివ్వకూడదు. చల్లారాక విప్పి చూసిన తర్వాతే మాట. దీనివల్ల ఇటుకకు లాభమో నష్టమో నాకు తెలియదు. నోటికి మాత్రం అలవాటైపోయింది.

2. నా భార్యకు కడుపులో గడ్డ. తమ ఆసుపత్రిలో కొత్త మందు ఎక్కిస్తున్నారు. అది కొందరికి పనిచేసింది, కొందరికి చేయలేదు అని మొదటే చెప్పారు. ఆనాటి నుంచి ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు, ఆమె తప్ప. ఆమె పుట్టింటివారు వీధుల్లో కూరగాయలు అమ్మేవారు. కేక వేయకపోతే వారికి పూట గడవదు.

3. పోయిన విడత మందు ఎక్కుతుండగా ఆమె నిద్రపోయింది. డాక్టరు గారు నన్ను, నా తమ్ముణ్ణి, నా కూతుర్ని వరండాలోకి పిలిచి, "గడ్డ పెరగలేదు. అలాగని తగ్గిందనీ చెప్పలేను. మనిషికి మాత్రం నీరసం ఎక్కువైంది. ఇంకా ఎక్కిద్దామా, ఆపేద్దామా? మీ ఉద్దేశం చెప్పండి" అన్నారు. మేము నేల చూశాం. ఆయన మళ్ళీ అడిగారు. తమ్ముడు కిటికీ చువ్వలు చూశాడు. చివరికి ఆయన నా భుజం తట్టి, "అర్థమైంది" అని వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక తమ్ముడు, "మన పద్ధతి తెలిసిన డాక్టరన్నయ్యా. చెప్పకుండానే గ్రహించాడు" అని మెచ్చుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

4. ఆయన గ్రహించింది వేరని నిన్న తెలిసింది. మందుకు వెళితే ఆమె మంచం మీద ఇంకొకరున్నారు. "మీవాళ్ళు వద్దన్నారటగా అమ్మా, డాక్టరు గారు ఆపేశారు" అంది నర్సమ్మ.

నా భార్య మా వైపు తిరిగింది. "ఏమన్నారు మీరు?"

"ఏమీ అనలేదొదినా. డాక్టరే అర్థమైందని వెళ్ళిపోయాడు" అన్నాడు తమ్ముడు.

"ముగ్గురు మనుషులు పోయి ఒక్క ఊఁ అనలేకపోయారా? బెల్లంకొట్టిన రాళ్ళలా నిలబడ్డారా? నీకేమైందే, నీది నా పోలికనుకున్నానే!"

"నాన్న అనలేదని..." అని నసిగింది కూతురు.

"మీ నాన్నా! మా అమ్మాయిని చేసుకుంటావా అని మా నాన్న అడిగినప్పుడూ అనలేదు. మా నాన్న సరేననుకున్నాడు, ఈ డాక్టరు వద్దనుకున్నాడు. అడిగినవాళ్ళదే ఖర్మ!"

డాక్టరు గారు నిన్న సెలవు. తమ గది ముందున్న గుమాస్తా గారు, ఏదైనా ఉంటే రాసి ఇమ్మన్నారు.

5. కావున మనవి చేసుకొనునది ఏమనగా, మా మౌనమును నిరాకరణగా భావించరాదు. మందు కావాలి. పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదని మాకు తెలుసు. బట్టీ చెడితే ఆ ఇటుకలు పగలగొట్టి దారి గుంటల్లో పోస్తాను. మళ్ళీ మట్టి తొక్కుతాను. ఈమె విషయంలో మళ్ళీ తొక్కడానికి మట్టి లేదు. ఆమెకు మందు తిరిగి మొదలుపెట్టించి, ఇకపై ఏది అడగవలసినా ఆమె మెలకువగా ఉన్నప్పుడు ఆమెనే అడుగునట్లు ఉత్తర్వులు ఇప్పించగలరు.

6. నిన్నటి నుంచి నేనేమి అడిగినా ఆమె "అర్థమైంది" అని అటు తిరిగి వెళ్ళిపోతోంది. మంచినీళ్ళు అడిగినా అంతే. నీళ్ళు రావడం లేదు. దీనికీ తమరే ఏదైనా దారి చూపగలరు.

ఆలస్యంగా తెరుచుకున్న నోరని కోపగించక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఇటుకల బట్టీ మేస్త్రీ

మరొక మనవి: దీన్ని ఆమెకు చదివి వినిపించాను. "ఇంత రాసే బదులు ఆ రోజు ఊఁ అంటే పోయేది" అని చెప్పులు వేసుకుంది. ఇవాళ డాక్టరు గారు వస్తారు కనుక ఇక ఆగనంది. బస్సు మా బట్టీ పక్కనే ఆగుతుంది. కూతురి చెయ్యి పట్టుకుని ఎక్కింది. బస్సు కదిలాక నాకు ఉండబట్టలేదు. "ఎక్కించమని చెప్పు! మేమంతా ఎక్కించమన్నామని చెప్పు!" అని అరిచాను. బస్సంతా తలలు తిప్పి చూసింది. ఆమె కిటికీలోంచి, "అర్థమైంది" అంది. తమ్ముడు బట్టీ వైపు చూశాడు. బట్టీకి ఏమీ కాలేదు.

ఆమె, కూతురు ఏడు గంటల బస్సుకు వెళ్ళారు. ఈ అర్జీ పట్టుకుని నేను తొమ్మిది గంటల బస్సుకు బయలుదేరుతున్నాను. బట్టీ దగ్గర తమ్ముడున్నాడు.